ముందు వినుట, తరువాత మందు

డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు 1856లో అమెరికాలో జన్మించిరి. 1883లో లూథరన్ మిషనువారు ఆమెను గుంటూరు పంపిరి. వైద్యమునకు గాదు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పుటకు. ఆ యిండ్లకు వెళ్లి ఆమె స్త్రీలతో మాటలాడిరి. పురుషవైద్యుని యెదుటికి రాలేని స్త్రీలు రోగమును, ప్రసవవేదనను మందులేకయే భరించుచుండిరి. ఆమె మొదట వారి యిండ్లకు వెళ్లియు వైద్యము చేసిరి. స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి 1897లో తెరువబడెను. హిందూ రోగుల బంధువులు దిగుటకు ఏలూరు రాజావారు సత్రము కట్టించిరి. ఆమె 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, ప్రభువు సయితము గ్రుడ్డి బర్తిమయిని అతని కోరిక అడిగిన పిమ్మటనే చూపునిచ్చెను. రోగి గడపలో మనమును ముందు విందుము; తరువాత సలహా చెప్పుదము.