ఎడ్మండ్ లొకార్డు

తల దువ్వుకొనునపుడు దువ్వెనకు చిక్కిన వెండ్రుకను మనము తీసి పారవేయుదుము. అది ఎక్కడ పడినదో, ఎవరి బట్టల కంటుకొన్నదో తలచి చూడము. ప్రతిదినము మన తలనుండి 50 మొదలు 100 వెండ్రుకల వరకు రాలిపోవుచునే యుండును. బట్టల కంటిన దుమ్మును దులుపుకొందుము. గోళ్ల సందుననున్న మట్టిని కడిగివేయుదుము. ఇట్టి అల్పవస్తువులు న్యాయస్థానమున ఒకని దోషమును రుజువుచేయగలవు. వేరొకని నిర్దోషిత్వమును వెల్లడింపగలవు. ఈ మూగసాక్షుల భాషను నేర్చికొని లోకమునకు నేర్పిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్మండ్ లొకార్డు.

లొకార్డు 1877వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన సేంషమోన్ అను పట్టణమున జన్మించెను. ఆ పట్టణమునకు చేరువనే లియాన్ మహానగరము కలదు. అచటి విశ్వవిద్యాలయమున ఆయన వైద్యశాస్త్రము నభ్యసించెను. అలెగ్జాండర్ లకసాన్ అను ఆచార్యుడు ఆ కాలమున అచట న్యాయవైద్యమును బోధించుచుండెను. మరణించినవాని దేహమును పరీక్షించి మరణకారణమును నిర్ణయించుటలో ఆయన మిక్కిలి ప్రసిద్ధుడు. బట్టలపై నున్న ధూళిని, గోళ్లలోని మలినమును సైతము విడువక పరిశీలింపవలెనని ఆయన శిష్యులకు బోధించుచుండెను. ఈ బోధ లొకార్డు మనస్సున గాఢముగా నాటుకొనెను. ఆయన 1902లో వైద్యపట్టమును పొందెను. అంతటితో తృప్తిచెందక న్యాయశాస్త్రమును గూడ చదివి, 1907లో న్యాయవాది యగుటకు అర్హత సంపాదించెను.

ఆ కాలమున నేరవిచారణ ప్రధానముగా మనుష్యుల మాటలపై నాధారపడి యుండెను. కన్నవారు చెప్పినదియు, నిందితుడు ఒప్పుకొన్నదియు సాక్ష్యములు. కాని కన్నవారు పొరబడవచ్చును. పగచే అబద్ధ మాడవచ్చును. భయపెట్టినచో నిర్దోషి సైతము నేర మొప్పుకొనవచ్చును. నిపుణుడు తనకు తెలియని విషయమున సాహసించి పలికినను ఇట్టి కీడే కలుగును. 1894లో డ్రైఫస్ అను సైనికోద్యోగి దేశద్రోహి యని నిందింపబడినపుడు, ఒక చీటీలోని చేవ్రాత అతనిదే యని ఆల్ఫోన్స్ బెర్టిలాన్ సాక్ష్యమిచ్చెను. మనుష్యుల దేహాంగములను కొలిచి నేరస్థులను గుర్తించు పద్ధతిని కనిపెట్టి కీర్తిగాంచిన బెర్టిలాన్ చేవ్రాతలయందు నిపుణుడు కాడు. డ్రైఫస్ ఏండ్ల తరబడి ద్వీపాంతరమున కారాగృహవాస మనుభవించెను. అతడు నిర్దోషి యని 1906లో గాని న్యాయస్థానము ప్రకటింపలేదు. ఫ్రాన్సు దేశమున ఈ కథ నెరుగనివారు లేకుండిరి.

లొకార్డు పారిసు నగరమునకు పోయి, ఆ బెర్టిలాన్ వద్దనే కొలతల పద్ధతిని నేర్చికొనెను. స్విట్జర్లండు మొదలైన దేశములలోని పరిశోధకులను దర్శించెను. ఆస్ట్రియా దేశీయుడైన హాన్స్ గ్రాస్ వ్రాసిన నేరపరిశోధన గ్రంథమును శ్రద్ధతో చదివెను. కానన్ డాయిల్ రచించిన షెర్లాక్ హోమ్స్ కథలను గూడ ఆయన మిక్కిలి ఇష్టపడెను. బురద మరకలను చూచి మనుష్యుడు తిరిగిన చోటును చెప్పు ఆ కల్పిత పరిశోధకుని నేర్పును నిజముగా సాధింపవచ్చునని ఆయన తలచెను.

స్వదేశమునకు మరలివచ్చిన పిదప, 1910లో లొకార్డు లియాన్ రక్షకశాఖాధికారులను ఆశ్రయించి ఒక ప్రయోగశాలను కోరెను. వారు న్యాయస్థాన భవనముపై కప్పుక్రింద నున్న రెండు చిన్న గదులను, ఇద్దరు సహాయకులను మాత్ర మొసగిరి. సూక్ష్మదర్శిని యొకటి, కాంతిని విడదీసి పదార్థములను గుర్తించు వర్ణపటదర్శిని యొకటి – ఇవియే అచటి ముఖ్య పరికరములు. రెండేండ్ల వరకు ప్రభుత్వము దానికి అధికార ముద్ర వేయలేదు. అయినను నేడు ప్రపంచమందంతట వ్యాపించిన నేరపరిశోధన ప్రయోగశాలలకు ఆ రెండు గదులే మార్గదర్శకము లయ్యెను.

లొకార్డు సిద్ధాంతము సులభమైనది. రెండు వస్తువులు ఒకదాని నొకటి తాకినపుడు, ప్రతిదియు రెండవదానిపై తన గురుతును కొంత విడుచును. రెండవదాని నుండి కొంత గ్రహించును. నేరము చేయువాడు ఆ చోటున తన వెండ్రుకనో, నూలుపోగునో, అడుగుజాడనో విడువకుండ పోజాలడు. అచటి ధూళిని తనవెంట కొనిపోకయు నుండజాలడు. వెదకు కన్ను లుండవలెను గాని గురుతులు లేకపోవు.

ఈ సిద్ధాంతమునకు 1912లో కఠినమైన పరీక్ష వచ్చెను. లియాన్ నగరమున ఒక యువతిని ఎవరో గొంతు నులిమి చంపిరి. ఆమెను ప్రేమించిన బ్యాంకు గుమాస్తాపై రక్షకభటులకు అనుమానము కలిగెను. కాని ఆ రాత్రి అతడు ఊరికి దూరముగా స్నేహితులతో పేకాట యాడుచుండెనని వారందరును చెప్పిరి. వారి మాటలలో కపటము కానరాలేదు. అప్పుడు లొకార్డు మృతురాలి కంఠమును పరీక్షించి, గోటి గీతలను కనుగొనెను. వెంటనే గుమాస్తా గోళ్ల సందులనుండి మలినమును గీకి తెచ్చి సూక్ష్మదర్శిని క్రింద నుంచెను. అందు చర్మకణములు కనబడెను. వానికి గులాబివన్నె చూర్ణ మంటియుండెను. చర్మకణములు ఎవరివో చెప్పుటకు ఆనాడు మార్గము లేదు. ఆయన చూర్ణమును శోధించెను. అందు బియ్యపు పిండి, బిస్మతు, జింకు ఆక్సైడు, ఇనుప ఆక్సైడు మొదలగునవి కలిసియుండెను. ఆ యువతి గదిలో నున్న ముఖచూర్ణమున గూడ ఇవియే కలవు. లియాన్‌లోని ఒక ఔషధవిక్రేత దానిని ఆమెకొరకు ప్రత్యేకముగా తయారుచేసి యిచ్చుచుండెనని తేలెను. ఈ సాక్ష్యమును చూపగా గుమాస్తా నేర మొప్పుకొనెను. స్నేహితు లాడినది అబద్ధము కాదు. అతడు గోడ గడియారమును ముందునకు త్రిప్పి వారిని మోసగించెను. కన్నవారు మోసపోయిరి గాని గోటిలోని ధూళి మోసపోలేదు.

అదే కాలమున పారిసు నగరములో విక్టర్ బల్తజార్ అను వైద్యాచార్యుడు వెండ్రుకలను పరిశోధించుచుండెను. 1909లో హత్యకు గురియైన ఒక యువతి వ్రేళ్ల నడుమ వెండ్రుకలు చిక్కియుండెను. బల్తజార్ వానిని అనుమానితురాలైన ఒక స్త్రీ తలవెండ్రుకలతో పోల్చి, రెంటికి సామ్యము కలదని చెప్పెను. అది వినిన పిమ్మట ఆమె నేర మొప్పుకొనెను. మరుసటి యేడు ఆయన మార్సెల్ లాంబర్ట్ అను విదుషితో గూడి, మనుష్యుల వెండ్రుకలను గూర్చియు జంతువుల రోమములను గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను.

వెండ్రుక ఇన్ని సంగతుల నెట్లు చెప్పగలదు? సూక్ష్మదర్శినిలో చూచినచో అది మూడు పొరలుగా కనబడును. పైన ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి పరచుకొన్న పొలుసులు; లోపల రంగు నిచ్చు కణములతో గూడిన మందమైన పొర; నడుమ పెన్సిలులోని సీసము వంటి సన్నని నాళము. మనుష్యుని వెండ్రుకలో ఈ నాళము వెండ్రుక వెడల్పులో మూడవవంతు కంటె తక్కువ యుండును. పెక్కు జంతువుల రోమములలో సగమో, అంతకు మించియో యుండును. దీనిచే పరిశోధకుడు తనకు దొరకినది మనుష్యుని వెండ్రుకయో, కుక్క రోమమో తెలిసికొనును. తనంత రాలిన వెండ్రుక మొదలు చిన్న గదవలె నుండును. పట్టి లాగిన వెండ్రుక మొదట చర్మపు తునుక అంటియుండవచ్చును. అట్టిచో పెనుగులాట జరిగియుండునని ఊహింపవచ్చును. తలవెండ్రుక నెలకు సుమారొక సెంటీమీటరు పెరుగును. పాషాణము దేహమున ప్రవేశించినచో అది పెరుగుచున్న వెండ్రుకలో నిలిచిపోవును. వెండ్రుకను తునుకలుగా కోసి పరీక్షించినచో ఆ విషము సుమారుగా ఏ నెలలలో ఇయ్యబడినదో తెలియును.

ఇట్టి సూక్ష్మ సాక్ష్యముల బలమును మాత్రమే గాక, వాని హద్దులను గూడ లొకార్డు గుర్తించెను. వేలిముద్రలను గూర్చి ఆయన ఏర్పరచిన నియమమే ఇందుకు తార్కాణము. స్పష్టమైన ముద్రలో 12 పోలికలకు మించి యున్నచో నిశ్చయముగా చెప్పవచ్చును; 8 మొదలు 12 వరకు ఉన్నచో ముద్ర యొక్క స్పష్టతను, ఇతర విషయములను విచారింపవలెను; అంతకు తక్కువైనచో నిశ్చయము చెప్పరాదు. తెలిసినంతవరకే పలుకుట శాస్త్రజ్ఞుని ధర్మమని ఈ నియమము బోధించుచున్నది.

లొకార్డు నలుబది ఏండ్లు ఆ ప్రయోగశాలను నడపెను. 1931 మొదలుకొని నేరపరిశోధన శాస్త్రమును ఏడు సంపుటములుగా ప్రకటించెను. ఆయన అభిమానించిన కానన్ డాయిల్ స్వయముగా ఆ ప్రయోగశాలను దర్శించెను. పెక్కు దేశములనుండి విద్యార్థులు వచ్చి ఆయన శిష్యులైరి. 1966లో, ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున, ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన తరువాత శాస్త్రము మరింత ముందునకు సాగెను. నేడు వెండ్రుక మొదటనున్న కణములలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, అది ఎవరిదో నిర్ణయించుచున్నారు. మన దేశమున ఈ విద్యకు హైదరాబాదు నగరము పుట్టినిల్లు. అచటి కణజీవశాస్త్ర పరిశోధనాలయమున లాల్జీ సింగ్ 1980వ దశకమున దానికి పునాది వేసెను. ఈ క్రొత్త పరీక్ష పాత పొరపాటులను గూడ బయటపెట్టెను. అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. సంస్థ తన నిపుణుల పాత సాక్ష్యములను పరిశీలింపగా, వెండ్రుకలను కంటితో పోల్చి వారు చెప్పిన మాటలలో శాస్త్రమునకు మించిన పలుకులు, చూచిన కేసులలో నూటికి తొంబదింట దొరలెనని 2015లో వెల్లడియయ్యెను. పోలిక యున్నదని చెప్పవలసినచోట, అది వానిదే యని ధ్వనించునట్లు పలికిరి. అట్టి సాక్ష్యముచే శిక్షపడిన కొందరు నిర్దోషులని పిమ్మట డి.ఎన్.ఏ. పరీక్ష తేల్చెను.

వెండ్రుక అబద్ధ మాడదు. ధూళికణము పక్షపాతము చూపదు. వాని మాటను విని మనకు తెలుపువాడు మాత్రము మనుష్యుడే. చూచినదానిని దాచక, చూడనిదానిని చేర్పక చెప్పినపుడే ఆ మూగసాక్షులవలన న్యాయము నిలుచును. రెండు చిన్న గదులలో లొకార్డు ఆరంభించిన పరిశోధన లోకమునకు నేర్పిన పాఠ మిదియే.