శ్రీమతి భానుమతీ రామకృష్ణ

ఒంగోలు చెంతనున్న దొడ్డవరము నాడు గుంటూరు జిల్లాలోనిది, నేడు ప్రకాశము జిల్లాలోనిది. అచ్చట 1925 సెప్టెంబరు 7న భానుమతిగారు జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే ఆమెకు సంగీత గురువు. 1939లో ‘వరవిక్రయము’తో చిత్రసీమలో ప్రవేశించిరి. 1943లో రామకృష్ణారావుగారిని వివాహమాడి నటన మానదలచిరి గాని, ‘స్వర్గసీమ’ మరల రప్పించెను. పిదప భరణీ సంస్థ వెలసెను. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషలలో తామే దర్శకత్వము వహించి తీసిరి.

జ్యోతిషమన్న ఆమెకు మక్కువ మెండు. అయినను గ్రహములకు సైతము తలయొగ్గు స్వభావము కాదు కాబోలు! ‘మిస్సమ్మ’ చిత్రీకరణకు ఒకనాడు వ్రతము కారణమున ఆలస్యముగా వెళ్ళిరి. నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ పత్రము కోరిరి, ఆమె వ్రాసియీయలేదు. తీసిన భాగమంతయు వృథాయయ్యెను. ఆ పాత్ర సావిత్రిగారికి దక్కి, 1955లో ఆమెను అగ్రతారను గావించెను. చక్రపాణిగారిది తెనాలి, సావిత్రిగారిది చిర్రావూరు. ముగ్గురును మన ప్రత్తి, మిరప చేల సీమవారే! తన చేజారిన పాత్రలో రాణించిన నటిని భానుమతిగారు మనసార మెచ్చుకొనిరి. అట్టి మనసు ఎందరికుండును?

1966లో పద్మశ్రీ లభించెను. 2005 డిసెంబరు 24న చెన్నపట్టణమున దివంగతులైరి. మడియు, అమాయకత్వమును కలబోసిన ఆమె ‘అత్తగారి కథలు’ మన బీరువాలో నిలుచుట అరుదు. ఒకరు తెచ్చియిచ్చులోపల వేరొకరు అడిగియుందురు.