మన హాల్డేన్

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన వాళ్ళకు ఒపారిన్-హాల్డేన్ అనే జంట పేరు గుర్తుండే వుంటుంది. జీవం పుట్టుక పాఠంలో వస్తుంది. ఆ రెండో పేరుగల మనిషి భారత పౌరుడిగా కన్నుమూశాడనీ, ఆయన శరీరం కాకినాడ చేరిందనీ నేను చదివిన పాఠంలో లేదు. సావనీరుకు డార్విన్ మీద వ్యాసం ఇమ్మని సంపాదక మిత్రులు అడిగితే, హాల్డేన్ మీద రాస్తానన్నాను. పరిణామ సిద్ధాంతాన్ని లెక్కల మీద నిలబెట్టిన ముగ్గురిలో ఆయన ఒకడు. అందులోనూ మన దగ్గరికి వచ్చి స్థిరపడ్డవాడు ఆయనొక్కడే.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద, బొగ్గుగనుల్లోని విషవాయువుల మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఒకసారి కొడుకును గనిలోకి తీసుకువెళ్ళి, పైకప్పు కింద మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నాడట. కాసేపటికి కాళ్ళు తేలిపోయి పిల్లవాడు కింద పడ్డాడు. మీథేన్ తేలిక కనుక కింద గాలి మంచిదే, ప్రాణానికేమీ కాలేదు. ఆ పాఠం ఆయన మరి మరచిపోలేదు. మా నాయిన నాకు గుంటక తోలడం నేర్పిన తీరు కూడా ఇంచుమించు ఇట్లాంటిదే. చెప్పడం తక్కువ, నిలబెట్టడం ఎక్కువ.

ఆశ్చర్యం ఏమిటంటే ఈయనకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, ఆపైన గ్రీకు, లాటిన్ చదివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడుగా పోరాడి, మెసపొటేమియాలో గాయపడి, కోలుకోవడానికి ఇండియాకే వచ్చాడు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో జీవరసాయనం చెప్పాడు. 1933 నుంచి 1957 దాకా లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడు.

ఆయన చేసిన అసలు పని అర్థం కావాలంటే అప్పటి చిక్కు తెలియాలి. డార్విన్ గ్రంథం 1859లో వచ్చింది. మెండెల్ బఠాణీల పరిశోధన 1866లో అచ్చయినా 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. తీరా పట్టించుకున్నాక ఈ రెండూ ఒకదానికొకటి పడవని చాలామంది అనుకున్నారు. మెండెల్ గుణాలేమో పొడుగు, పొట్టి అని స్పష్టంగా విడిపోతాయి. డార్విన్ మార్పులేమో కొంచెం కొంచెంగా జరిగేవి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చిన వాళ్ళు ముగ్గురు: ఇంగ్లండులో ఫిషర్, అమెరికాలో సీవాల్ రైట్, మన హాల్డేన్. ఆయన 1924 నుంచి వరుసగా వ్యాసాలు రాసి, ఒక జన్యువుకు ఇంత లాభం వుంటే అది ఎన్ని తరాల్లో ఎంతమందికి పాకుతుందో లెక్కగట్టాడు. ఉదాహరణకు మాంచెస్టర్ చిమ్మటను తీసుకున్నాడు. 1848లో అక్కడ మొదటి నల్ల చిమ్మట కనిపించింది. ఫ్యాక్టరీల పొగకు చెట్లు నల్లబడ్డాయి, శతాబ్దం ముగిసేసరికి చిమ్మటలు దాదాపు అన్నీ నల్లవే. ఇంత తొందరగా మారాలంటే రెండు తెల్లవి బతికి పిల్లలు పెట్టే చోట మూడు నల్లవి బతకాలని లెక్క తేలింది. అది మరీ ఎక్కువని అప్పట్లో అనుకున్నారు. 1950లలో కెటిల్‌వెల్ అడవుల్లో ప్రయోగాలు చేసి చూస్తే తేడా నిజంగానే అంత పెద్దదని బయటపడింది.

ఇదంతా పొగమంచు దేశపు పురుగుల కథ అనుకోకండి. మాది బీచుపల్లి దగ్గర, కృష్ణ ఒడ్డున. గద్వాల వైపు సీడ్ పత్తికి పేరు. సాయంత్రం ఆడ వరుసల మొగ్గలు వలిచి కేసరాలు తీసేస్తారు, తెల్లవారి మగపూలు తెచ్చి రుద్దుతారు. అందరూ దాన్ని క్రాసింగ్ అనే అంటారు. మెండెల్ పేరు వినని కూలివాళ్ళు మెండెల్ చేసిన పనినే చేస్తున్నారు. మరి డార్విన్ పని ఎవరు చేస్తున్నారు అంటే, గులాబీ పురుగు చేస్తోంది! బీటీ పత్తి మన దేశానికి 2002లో వచ్చింది. పదిహేనేళ్ళు తిరక్కుండానే గులాబీ పురుగు ఆ విషానికి తట్టుకునే జాతిగా మారింది. విత్తన డబ్బాతో పాటు బీటీ కాని గింజల చిన్న ప్యాకెట్టు ఒకటి ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. దండగ మొక్కలెందుకని చాలామంది దాన్ని పక్కన పడేసేవాళ్ళు. దాని వెనుక వున్నది హాల్డేన్ లెక్కే. తట్టుకునే గుణం అంతర్గత జన్యువైతే, అది అరుదుగా వున్నన్నాళ్ళూ నత్తలాగా పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా ముంచేస్తుంది. చుట్టూ మామూలు పురుగులు బతికి వుంటే, తట్టుకునే పురుగు వాటితోనే జతకడుతుంది, ఆ పిల్లలు బీటీ తిని చస్తాయి. ఆ నత్తనడక కాలాన్ని పొడిగించడానికే ఆ ప్యాకెట్టు. ఈ మాట రైతుకు విడమరచి చెప్పినవాడు లేడు. కాయలు పుచ్చిపోయాక మందు డబ్బాలు అమ్మినవాళ్ళు మాత్రం చాలామంది.

1949లో హాల్డేన్ ఇంకో ఊహ చేశాడు. తలసీమియా రక్తజబ్బు మలేరియా వున్న ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? ఆ జన్యువు ఒకటే వుంటే మలేరియా నుంచి కాపాడుతుందేమో, రెండు కలిస్తేనే ప్రాణాంతకమేమో. 1954లో ఆలిసన్ కొడవలి కణాల జబ్బులో దీన్ని రుజువు చేశాడు. మన ఆదిలాబాద్ గోండుల్లో ఆ జబ్బు ఎందుకుందో అడిగితే జవాబు ఇక్కడ మొదలవుతుంది.

పరిణామవాదం లాబరేటరీ దాటి రాజకీయాల్లోకి పోయినప్పుడు చాలా కీడు జరిగింది. బలవంతుడే బతకాలని, ఫలానా జాతి శ్రేష్ఠమని దాని పేరు చెప్పుకున్నారు. హాల్డేన్ 1938లో అనువంశికత, రాజకీయాల మీద ఒక పుస్తకమే రాసి ఆ జాతి సిద్ధాంతాలకు సైన్సులో ఆధారం లేదని వాదించాడు. అయితే ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన కమ్యూనిస్టు. సోవియట్ రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని తొక్కేసి, శాస్త్రజ్ఞులను జైళ్ళపాలు చేస్తుంటే, గట్టిగా ఖండించవలసిన మనిషి చాన్నాళ్ళు నీళ్ళు నమిలాడు. ఆ పార్టీకి ఆయన దూరమైంది 1950 ప్రాంతంలో. నాకు నచ్చనిది ఇదొక్కటే.

1956లో సూయెజ్ మీద బ్రిటన్ దాడి చేసింది. ఆ కోపం ఒక కారణంగా, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చి, మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. సూటు వదిలి కుర్తా తొడిగాడు, మాంసం మానేశాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. ఖరీదైన యంత్రాలు లేవని ఏడవనక్కరలేదు, కళ్ళూ ఓపికా వుంటే ఇక్కడ చెయ్యగలిగిన సైన్సు కొల్లలుగా వుందని ఆయన నమ్మకం. ఒక శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. అతనే రెండు వరి రకాలు కలిపి వేసి, విడివిడిగా వేసిన దానికన్నా దిగుబడి ఎక్కువ రావడం చూశాడు. జొన్నలో కంది సాళ్ళు వేసే మా దిక్కు రైతుకు ఇది వింతగా తోచదు.

మరో శిష్యుడు పిఠాపురం వాడు, ద్రోణంరాజు కృష్ణారావు. తర్వాత అమెరికా వెళ్ళి, గురువు మీద పుస్తకాలు రాసి, 2020లో చనిపోయాడు. ఆయన, ఇంకొకరు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎన్ని జరుగుతున్నాయో లెక్క తీశారు. ఆ లెక్క మనకు కావలసిందే. ఏ జన్యువునైనా తీసుకోండి, అమ్మ వైపుదీ నాన్న వైపుదీ ఒకే పూర్వీకుడి నకలు అయ్యే అవకాశం బావామరదళ్ళ బిడ్డకు పదహారింట ఒకటి, మేనమామను చేసుకున్న అమ్మాయి బిడ్డకు ఎనిమిదింట ఒకటి. మా అక్కను మేనమామకే ఇయ్యాలని ఇంట్లో మాట నడుస్తున్నది. నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. మా అవ్వ వినలేదు, భూమి బయటికి పోతుందన్నది ఆమె లెక్క. అక్క మాత్రం కాగితం అడిగి తీసుకున్నది. మాట ఇంకా తెగలేదు.

అందుకే 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ళు భారం తగ్గించడమని పదో తరగతి పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేసినప్పుడు నాకు బాధ కలిగింది. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. పదితో చదువు ఆపేసి పత్తి చేనికి పోయేవాళ్ళు మా దిక్కు ఎందరో. వాళ్ళకు ఇక ఆ మాట వినబడేది ఎక్కడ?

1962లో హాల్డేన్ భువనేశ్వర్ వెళ్ళి ఒరిస్సా ప్రభుత్వం తరఫున జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు. రెండేళ్ళకే కాన్సరు. దాని మీద హాస్యంగా ఒక పద్యం రాసి అచ్చువేయించాడు, జనం భయపడి దాచుకోకుండా త్వరగా డాక్టరు దగ్గరికి పోవాలని. 1964 డిసెంబరు 1న పోయాడు. జీవితమంతా తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నవాడు, పోయాక కూడా ఒంటిని చదువుకే రాసిచ్చాడు. దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. ఆ కళాశాల పెట్టి అప్పటికి ఆరేళ్ళు.