ఎల్లాప్రగడ సుబ్బారావు గారు

పుట్టినయూరు విడిచి పరాయిసీమలో ప్రజ్ఞ చూపిన తెలుగువారిని పండుగనాడు తలచుకొనుట మనకు శుభము. అట్టివారిలో సుబ్బారావు గారు అగ్రగణ్యులు.

వారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. చదువు ముగియకమునుపే తండ్రి గతించెను. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనిరి. సోదరుడు స్ప్రూ అను గ్రహణి రోగముతో మరణించుట వారి మనస్సును కలచివేసెను.

1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలిపని చేయుచు చదివిరి. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి, కండరములకు శక్తినిచ్చు ఏ.టీ.పీ. అను పదార్థమును 1929లో వెల్లడించిరి. అయినను అచట స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. సోదరుని బలిగొన్న స్ప్రూకు అదియును మందైనది!

కణములు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పనికివచ్చు రూపమునకు మార్చునది ఒక ఎంజైము. ఫోలిక్ ఆమ్లమువలె కనబడు అమినోప్టెరిన్, తాళములో ఇరుక్కున్న మారుచెవివలె ఆ ఎంజైమును అడ్డును. కాన్సరు కణము పెరుగలేదు. లెడర్లీలో తయారైన ఈ మందును బోస్టను బాలల ఆసుపత్రిలో ఫార్బరు డాక్టరు రక్తకాన్సరు గల 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి గుణము కనబడినదని 1948లో ప్రకటించిరి. ఆ గుణము తాత్కాలికమే. కాని మందుతో ఈ రోగమును లొంగదీయవచ్చునని లోకమునకు తెలిసినది.

అదే ఆసుపత్రిలో తరువాత ఫోక్‌మన్ డాక్టరు మరియొక దారి వెదకిరి. కణితి పెరుగుటకు క్రొత్త రక్తనాళములు కావలెనని 1971లో చెప్పిరి. శరీరములోని పెద్ద మాంసకృత్తుల ముక్కలే ఆ నాళములను అడ్డగలవని వారి బృందము 1994లో ఆంజియోస్టాటిన్‌తోను, 1997లో ఎండోస్టాటిన్‌తోను చూపినది. ఆ ముక్కలను విడదీయునవి ఎంజైములే. ఒకచోట ఎంజైమును ఆపుట మందు. మరియొకచోట ఎంజైము కోతయే మేలు.

సుబ్బారావు గారు స్వదేశమునకు తిరిగి రాకయే 1948 ఆగస్టులో, 53వ యేట నిద్రలో కన్నుమూసిరి. భార్య ఎదురుచూపు ఎదురుచూపుగానే మిగిలెను.

వేలూరు ఆసుపత్రికై కాట్పాడిలో దిగు రోగులను రైల్వే కొలువులో మేము చూచుచుందుము. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వైద్యములో వాడబడుచున్నది. దానిని పుచ్చుకొను వారికి సుబ్బారావు గారి పేరు తెలియదు. మన పిల్లలకైనను తెలియనిండు. బహుమతి కంటె, శిలావిగ్రహము కంటె అదియే వారికి తగిన నివాళి అని మేము నమ్ముచున్నాము.