సర్ తామస్ మన్రో

రాజ్యములు మారుచుండును, రాజులు మారుచుందురు. పొలమును, దానిమీది శిస్తును మాత్రము రైతును విడువవు. ఆ శిస్తు నెట్లు నిర్ణయింపవలెను, నిర్ణయించినది తప్పైనచో దిద్దువాడెవ్వడు అను ప్రశ్నలకు మన సీమలో తన జీవితముచే సమాధానము చెప్పినవాడు సర్ తామస్ మన్రో.

ఇతడు 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయువాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధముచే ఆ వర్తకము చెడిపోయెను. కుటుంబము చితికిన ఆ దినములలో తామసు కుంఫిణీ సైన్యమున చేరి 1780లో చెన్నపట్టణమున దిగెను. హైదరాలీతో జరిగిన యుద్ధములో పాల్గొనెను. పారసీక, హిందూస్థానీ భాషలు నేర్చెను. 1792 మొదలు బారామహలునందు రీడు దొరకు సహాయుడై భూమి లెక్కలలో ఆరితేరెను.

1800లో నిజాము మన మండలములను కుంఫిణీకి దత్తము చేయగా మన్రో వాటికి ముఖ్య కలెక్టరుగా వచ్చెను. నేడు మన జిల్లాల పరిధిలో నున్న మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములును అందులోనివే. సుమారు 80 మంది పాళెగాండ్రను సేనాబలముచే అణచివేసిన పిమ్మట ఇతడు డేరాలలో నివసించుచు ఊరూరు తిరిగెను. 1802లో సర్వే ఆరంభమయ్యెను. 33 అడుగుల గొలుసుతో పొలములు కొలిపించి, రెడ్డి, కరణము, పెద్ద రైతుల ఎదుట నేల తరము నిర్ణయింపజేసెను. జమీందారుల జోక్యము లేక రైతు తన పొలమునకు తానే సర్కారుకు శిస్తు చెల్లించు ఈ పద్ధతికే రైత్వారీ అని పేరు.

కాని తాను నిర్ణయించిన శిస్తు పంటలో 100కు 45 పాళ్ల వంతున నున్నదని మన్రోయే గుర్తించెను. అది రైతు మోయలేని భారము. 1807లో సీమకు పోవుటకు ముందు, అన్ని భూములకు 100కు 25 వంతున, తోట భూములకు 33 వంతున తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు ఆ మాట వినలేదు. 1808 నుండి గ్రామములను గుత్తలకిచ్చిరి. గుత్తదారులు చితికిరి, రైతులు నలిగిరి.

మన్రో లండనులో పార్లమెంటు సభ ఎదుట సాక్ష్యమిచ్చి, 1814లో న్యాయ విచారణ సంఘమునకు అధ్యక్షుడై తిరిగి వచ్చెను. 1816 నాటి చట్టములచే గ్రామ మునసబులకు చిన్న వ్యాజ్యములు తీర్చు అధికారము కలిగెను. 1820లో చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. పదమూడేండ్ల క్రిందట తాను కోరిన తగ్గింపు అప్పుడు అమలయ్యెను. 1822లో ఈ రాజధాని బడుల లెక్క తీయించెను. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగములు ఈయవలెననియు, వారు తమ్ము తాము పాలించుకొను దినము రావలెననియు 1824లో వ్రాసెను. అయినను ఇతడు పరప్రభుత్వపు సేవకుడే. ఖజానాకు చేరిన ధనము మన రైతు చెమటయే. ఈ సంగతి మరువరాదు.

ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు దత్తమండలమును మరియొకసారి చూడబోయి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణించెను. గుత్తిలో పూడ్చిన దేహమును 1831లో చెన్నపట్టణపు కోటలోని చర్చికి చేర్చిరి.

నాటి మునసబు, కరణపు వంశపారంపర్య పదవులు 1984లో రద్దయినవి. పద్దు మాత్రము నిలిచియున్నది. పద్దులో తప్పు దొరలుట మానవ సహజము. అది తన చేతి తప్పని ఒప్పుకొని, అధికారము చేతికి వచ్చిన దినమున దానిని దిద్దుట అరుదు. ఈ గ్రంథాలయమున చదువుకొని రేపు ఉద్యోగములకు పోవు మన పిల్లలు మన్రో చరిత్రనుండి గ్రహింపదగినది ఇదియే.