రబ్బీ కూక్ – సృష్టిని గూర్చిన ప్రశ్న

దేవుడే సృష్టికర్తయని నమ్మువాడు పరిణామవాదమును చూచి భయపడవలెనా? ఈ ప్రశ్నను ధైర్యముగా ఎదుర్కొనిన యూదా బోధకులలో అబ్రాహాము ఇస్సాకు కూక్ ఒకడు.

ఆయన 1865లో, నేటి లాట్వియా దేశమందలి గ్రీవా అను చిన్న ఊరిలో జన్మించెను. అప్పటికి ఆరేండ్ల క్రిందట, అనగా 1859లో, డార్విన్ గ్రంథము వెలువడియుండెను. జీవరాసులు బహుకాలము మీద క్రమక్రమముగా మారుచు వచ్చినవని అందలి బోధ. కూక్ చిన్ననాటనుండి ధర్మశాస్త్రము అభ్యసించి, యౌవనమందే ఒక పల్లెకు రబ్బీ ఆయెను.

1904లో ఆయన యొప్పే పట్టణమునకు వచ్చెను. రష్యా ప్రాంతములనుండి వచ్చిన యూదా యువకులు ఆ దేశమున నేల దున్నుచుండిరి. వారిలో అనేకులు పితరుల భక్తిని విడిచిరి. క్రొత్త చదువులకును లేఖనములకును పొత్తు కుదరదని తలంచినవారు వారిలో ఉండిరి. అట్టివారితో సహవాసము కూడదని కొందరు పెద్దలు కోపపడిరి. కూక్ మాత్రము వారిని ప్రేమించి, 1913లో గలిలయ పల్లెలవరకు వెళ్లి వారిని దర్శించెను.

1905లో ఆయన ఈ సంగతిని గూర్చి ఒక శిష్యునికి ఉత్తరము వ్రాసెను. శాస్త్రజ్ఞుల ఊహలన్నిటిని నిశ్చయమైనవిగా ఎంచనక్కరలేదు, అవి మారుచుండును. అయినను అవి నిజమని తేలినను ధర్మశాస్త్రమునకు హాని లేదని తెలిపెను. ఈ లోకమునకు ముందు దేవుడు ఇతర లోకములను కలుగజేసెనని పూర్వపు రబ్బీలే చెప్పిరని జ్ఞాపకము చేసెను. సృష్టి వృత్తాంతము దేవుని మర్మములను గూర్చినది గనుక, దానిని లెక్కల పుస్తకమువలె చదువరాదనెను. ఏదెను తోట కథ నేర్పు ముఖ్య సంగతి ఒకటి కలదు: మనుష్యుడు ఎంత ఉన్నత స్థితికి ఎక్కినను, తన మార్గమును చెరుపుకొనినయెడల సమస్తమును పోగొట్టుకొనును.

1921లో ఆయన పాలస్తీనాలో ఐరోపా వంశపు యూదులకు ప్రధాన రబ్బీగా నియమింపబడి, 1935లో యెరూషలేమున మరణించెను. ఒలీవల కొండమీద ఆయనను పాతిపెట్టిరి. 1938లో అచ్చుపడిన ఆయన వ్రాతలలో ఇంకొక మాట కలదు. లోకము అంతకంతకు పైకెక్కుచున్నదను తలంపు దైవనిరీక్షణకు శత్రువు కాదు, స్నేహితుడే అని దాని భావము.

యూదులందరును దీనిని ఒప్పుకొనలేదు. ఆరు దినములను అక్షరార్థముగా నమ్ము రబ్బీలు నేటికిని కలరు. పరిణామమును దేవుని కార్యవిధానముగా ఎంచువారును కలరు. అయితే సృష్టికర్త ఒక్కడున్నాడనుటలో ఈ రెండు పక్షములవారికిని భేదము లేదు.

పాఠశాలనుండి వచ్చిన బిడ్డ ఈ ప్రశ్న అడిగినప్పుడు కసరి నోరు మూయించుట సులభము. కూక్ అట్లు చేయలేదు. ప్రశ్న వేసినవానిని చేర్చుకొని, వానితోకూడ లేఖనము విప్పెను. ఈ నెల ఆదికాండము మొదటి మూడు అధ్యాయములను మీ బిడ్డలతో కూర్చుండి చదువుడి. వారి ప్రశ్నలను తుదవరకు వినుడి.