కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు

గ్రంథాలయము వర్ధిల్లవలెనన్న నలుగురు కావలయును. గ్రంథమును వ్రాయువాడొకడు, దానికి ధనమిచ్చువాడొకడు, దానిని భద్రపఱచి పదిమందికి అందించువాడొకడు, శ్రద్ధతో చదువువాడొకడు. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినను బీరువాలు నిండినంత మాత్రమున ఫలము లేదు. ఈ నలుగురిని ఒక్కచోట చేర్చి, తెలుగునాట విజ్ఞానమును ఇంటింటికి అందింపవలెనని జీవితమును ధారపోసిన మహనీయులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తల్లి గంగమ్మ, తండ్రి వేంకటప్పయ్య. పసితనముననే తండ్రి గతించుటచే వీరి బాల్యము బంధువుల అండను గడచెను. కొంతకాలము భువనగిరిలో చదివిన పిమ్మట అక్క అచ్చమాంబగారి ఇంట నుండి నాగపురమున విద్యాభ్యాసము సాగించిరి. అచ్చమాంబగారి భర్త భండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగి.

ఈ అక్కాతమ్ముల అనుబంధము మిక్కిలి చక్కనిది. ఆ దినములలో ఆడపిల్లలకు చదువెందుకని తలచెడివారే పెక్కుమంది. అచ్చమాంబగారు బడికి పోయి యెఱుగరు. తమ్ముడు పాఠములు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి తెలుగును, హిందీని నేర్చుకొనిరి. అట్లు నేర్చిన యా చదువుతోనే తరువాత విదుషీమణుల చరిత్రలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును రచించిరి. అవకాశము దొరకినచో చదువు ఎట్టివారికైనను అబ్బునను సత్యమును లక్ష్మణరావుగారు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. తమ ఇంటిలోనే కన్నులార చూచిరి. 1905లో అచ్చమాంబగారు చిన్నవయసుననే మరణించిరి. పిదప లక్ష్మణరావుగారు తమ కుమార్తెకు అక్కపేరే పెట్టుకొనిరి. ఆ బాలిక పెరిగి వైద్యురాలై కీర్తి గడించినది.

నాగపురమున లక్ష్మణరావుగారు పట్టభద్రులై, తరువాత ఎం.ఏ. పరీక్షయందును కృతార్థులైరి. సంస్కృతము, మరాఠీ, హిందీ మొదలగు భాషలను అభ్యసించిరి. మరాఠీలో వ్యాసములు వ్రాసి ఆ భాషీయుల మెప్పు పొందిరి. మరాఠీ భాషయందు చరిత్ర గ్రంథములు, శాస్త్ర గ్రంథములు బయలుదేరుట వారికి సంతోషము కలిగించెను. అట్టివి తెలుగున అరుదుగా నుండుట దుఃఖము కలిగించెను. ఆంగ్లము నేర్చిన కొలదిమందికే నూతన శాస్త్రములు దక్కి, తక్కినవారు చీకటిలో నుండుట న్యాయము కాదని వారు నిశ్చయించుకొనిరి.

విద్య ముగిసిన పిమ్మట మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి కొలువున దివానుగా చేరిరి. మునగాల పరగణా నాడు కృష్ణా మండలములోనిదే యైనను, దాని చుట్టును నిజాము రాజ్యమే. అందుచే అచటి తెలుగువారి స్థితిగతులు లక్ష్మణరావుగారికి బాగుగా తెలిసెను. ఆ రాజ్యమున రాజభాష ఉర్దూ. పాఠశాలలలో తెలుగునకు తగిన స్థానము లేదు. హైదరాబాదు నగరములో తెలుగు గ్రంథము కావలెనన్న దొరకుట దుర్లభము. నేడు ఆకాశమంటు మేడలతో నిండిన శేరిలింగంపల్లి ప్రాంతము ఆనాడు నగరమునకు వెలుపల రాతిగుట్టల నడుమ నున్న పల్లెసీమ. నగరమున చదువుకొనిన వారికే తెలుగు పుస్తకము అందనప్పుడు పల్లెలలోని వారి మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ కొఱతను తీర్చుటకు లక్ష్మణరావుగారు, మునగాల రాజావారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు పూనుకొనిరి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారునందు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. నిజాము రాజ్యములోని తెలుగువారి మేలుకొలుపునకు అదియే నాందియని చెప్పవచ్చును. సర్కారు సహాయమును నమ్ముకొని వారు గ్రంథాలయమును పెట్టలేదు. జమీందారు ధనమిచ్చెను, గృహస్థు తన యింట చోటిచ్చెను, విద్వాంసుడు తన తెలివిని కాలమును ఇచ్చెను. 1910లో రంగారావుగారు గతింపగా, వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు భాషానిలయమునకు అండగా నిలిచిరి.

ఒక దీపమునుండి మఱియొక దీపము వెలిగినట్లు 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము స్థాపింపబడెను. పత్రికలు చదువువారు, సభలు జరుపువారు, లోకవార్తలు చర్చించువారు అచట కూడుచుండిరి. బడిలో మాతృభాష దొరకని బాలురకు ఈ నిలయములే బడులాయెను.

అయితే లక్ష్మణరావుగారికి అంతటితో తృప్తి కలుగలేదు. గ్రంథాలయము తెఱచినారము, అందుంచుటకు గ్రంథములేవి అను ప్రశ్న వారిని బాధించెను. కావ్యములు, పురాణములు కలవు. దేశచరిత్ర, ప్రకృతి శాస్త్రములు, ఆరోగ్య విషయములు తెలుపు గ్రంథములు మిక్కిలి తక్కువ. ఆ లోటు తీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. ఈ కార్యమున వారికి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కుడిభుజమైరి. హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము మండలి ప్రథమ ప్రచురణము. కట్టెలు కొట్టి, ఎరువు తెచ్చిన పుస్తకములు చదివి, పెద్దవాడైన పేదవాని కథతో మండలి తన పనిని ఆరంభించుట ఎంతయు ఉచితముగా నున్నది.

1908లో మండలి కార్యస్థానము మద్రాసునకు మాఱెను. ఆ సంవత్సరముననే హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలోని వ్రాతలకై కారాగారము పాలైరి. సహచరుడు దూరమైనను లక్ష్మణరావుగారు వెనుదీయలేదు. చరిత్రములు, జీవితచరిత్రలు, పదార్థ విజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము, ఆరోగ్యము మొదలగు విషయములపై గ్రంథములు వరుసగా వెలువడెను.

మంచి గ్రంథము వ్రాయించుట ఒక పని. దానిని చదివించుట మఱియొక పని. మండలివారు ఈ రెంటికిని బహుమానమను ఉపాయము పన్నిరి. నవలల పోటీలు నడపి ఉత్తమ రచనలకు బహుమతు లిచ్చిరి. చదువరులకు పరీక్షలు జరిపి, నెగ్గినవారిని సత్కరించిరి. ఈ పరీక్షలు ఉద్యోగము కొఱకు కావు; చదువుటయందు ఆసక్తి పెంచుటకే. నేడు పాఠశాలలలో గ్రంథాలయ వారోత్సవములందు పఠనపోటీలు, ప్రశ్నావళి పోటీలు పెట్టి పుస్తకములు బహూకరించు పద్ధతి ఈ పుణ్యకార్యమునకు వారసురాలు.

వీటన్నిటికంటె పెద్ద సంకల్పము ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. లోకములోని సమస్త శాస్త్ర విషయములను అకారాది క్రమమున తెలుగులో వివరించుట దాని ఉద్దేశము. అది సామాన్య కార్యము కాదు. ఒక్కొక్క విషయమునకు తగిన పండితుని వెదకవలెను; వ్యాసము వ్రాయింపవలెను; తెలుగున లేని పారిభాషిక పదములను కల్పింపవలెను; తప్పులు దిద్దవలెను; అచ్చునకు ధనము సమకూర్పవలెను. లక్ష్మణరావుగారు సంపాదకులై, స్వయముగా పెక్కు వ్యాసములు వ్రాసి, 1915 ప్రాంతమున తొలి సంపుటమును వెలువరించిరి. వారి జీవితకాలమున మూడు సంపుటములు మాత్రమే పూర్తియయ్యెను. ఆ మూడింటిలోను అకారముతో మొదలగు విషయములే!

వారు గొప్ప చరిత్ర పరిశోధకులు. శాసనములు చదివి సత్యము నిగ్గుతేల్చగల నేర్పరులు. తమ గ్రంథములే వ్రాసికొనుచు కూర్చున్నచో పేరు ఇంకను విస్తరించియుండెడిది. కాని ఇతరుల గ్రంథములు దిద్దుటకు, అచ్చొత్తించుటకు, తెలుగువారి చేతులలో పెట్టుటకు తమ కాలమును వెచ్చించిరి. ఆరోగ్యము చెడినను ఆ శ్రమ మానలేదు. 1923 జూలైలో మద్రాసునందు, నలువది యాఱేండ్ల వయసున, సర్వస్వము మొదటి అక్షరముకడనే నిలిచియుండగా, వారు కన్ను మూసిరి.

కాని ఆ కృషి వ్యర్థము కాలేదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు విజ్ఞాన సర్వస్వ ప్రచురణమును మరల చేపట్టిరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి వేఱుగా విజ్ఞాన సర్వస్వ సంపుటములను ప్రకటించెను. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఎందఱో స్వచ్ఛందముగా వ్యాసములు వ్రాయుచున్నారు. సుల్తాను బజారునందు భాషానిలయము నేటికిని నిలిచియున్నది.

ఆనాటి హైదరాబాదు నేడు పడమట శేరిలింగంపల్లిని దాటి విస్తరించినది. గచ్చిబౌలియందు 1974లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము కలదు. దాని చుట్టును లోకమంతటి సమాచారమును క్షణములో పంపు కార్యాలయములు కలవు. సర్కారు బడులకు సమగ్ర శిక్షా పథకము క్రింద పుస్తకములు కొనుటకై గ్రాంటు లభించుచున్నది. లక్ష్మణరావుగారి కాలమున బాలునకు తెలుగు గ్రంథము దొరకుటయే గగనము. నేడు ధనము కలదు, గ్రంథము కలదు, అందించువారు కలరు. నలుగురిలో ముగ్గురు సిద్ధముగా నున్నారు. నాలుగవవాడు పాఠకుడు. బాలబాలికలు బీరువా తలుపు తెఱచి పుస్తకము చేతబట్టిననాడు ఆ స్థానము కూడ నిండును. లక్ష్మణరావుగారి ఋణము కొంతయైనను తీఱును.